చలిగదిలో మీగడ

అత్తలు కోడళ్లను పిల్లిమీదా ఎలుకమీదా పెట్టి దెప్పడం లోకంలో ఉన్నదే. ఈ బేకరీ ఇంట్లో మాత్రం ఎలుక ఊసే లేదు, దెప్పులన్నీ పిల్లిమీదే. ఉప్పు డబ్బాకి మూత పెట్టడం మరిచినా, గొడుగు ఎక్కడో వదిలేసి వచ్చినా, అత్తగారు పిండి పిసికే చేతులు ఆపకుండా, తల కూడా తిప్పకుండా, "పిల్లినే పోగొట్టిన మనిషికి గొడుగొక లెక్కా?" అనేది. అనేసి పిండిని ఓ గుద్దు గుద్దేది. ఆ గుద్దు ఎవరి కోసమో ఇంట్లో అందరికీ తెలుసు.

కోడలు హైస్కూల్లో జీవశాస్త్రం టీచరు. బడిలో ఆమె గొంతు విప్పిందంటే వెనక బెంచీల వాళ్లు కూడా కిక్కురుమనరు. అదే గొంతు బేకరీ మెట్టెక్కగానే ఎక్కడికి పోయేదో పోయేది. తప్పు తనది మరి. కాపురానికి వచ్చిన కొత్తలో, బంగాళాదుంపల వ్యాను వచ్చిన రోజున, వెనక తలుపు వేయడం మరిచిపోయింది. బస్తాలు దిగాయి, వ్యాను వెళ్లిపోయింది, సాయంత్రం పాలగిన్నె దగ్గరికి పిల్లి రాలేదు. వీధులన్నీ గాలించారు. ఎక్కడా జాడ లేదు.

ఆ పిల్లి సయామీ జాతిది. ఒళ్లంతా లేత మీగడ రంగు. ముఖమూ, చెవులూ, పాదాలూ, తోకా మాత్రం మసిగుడ్డతో తుడిచినట్టు నల్లగా ఉండేవి. కళ్లు నీలం, కాస్త మెల్ల. తోక చివర చిన్న వంపు. అత్తగారు దాన్ని గుప్పెడంత ఉన్నప్పుడు తెచ్చి, చెంచాతో పాలు పట్టి పెంచింది. పేరు మీగడ. అది పోయాక కొన్నాళ్లు ఆవిడ సరిగ్గా తిండి తినలేదు. తర్వాత తినడం మొదలుపెట్టింది, దెప్పడమూ మొదలుపెట్టింది.

ఇక కోడలి మొగుడంటారా, అతను పొయ్యి దగ్గర నిలబడి అన్నీ వింటాడు. తల్లి మాట్లాడితే తల్లి వైపు తల ఊపుతాడు, పెళ్లాం చూస్తే పెళ్లాం వైపు ఊపుతాడు. ఈ కథలో అతను చేసేదల్లా దాదాపు అంతే.

ఆ బేకరీ బన్నులు దూదిలా ఉంటాయని పేరు. పిండిలో ఉడికించిన బంగాళాదుంప మెదిపి కలపడమే అందులో కిటుకు. ఒక సెలవురోజున వ్యాను రాలేదు, దుంపలు నిండుకున్నాయి. కోడలే సంచీ పట్టుకుని రైలుగేటు అవతలున్న కోల్డ్ స్టోరేజీకి బయల్దేరింది.

దాన్ని చూసుకునే ఆయన్ని అందరూ స్వెట్టర్ బాబాయి అంటారు. బయట ఎండ మాడ్చేస్తున్నా ఆయన ఒంటిమీద రెండు స్వెట్టర్లూ, వాటిమీద జిప్పు కోటూ ఉంటాయి. రోజుకు పదిసార్లు చలిగదుల్లోకి వెళ్లివచ్చే మనిషి, వచ్చినప్పుడల్లా విప్పి వెళ్లినప్పుడల్లా తొడుక్కునే ఓపిక లేక అలాగే తిరిగేస్తాడు. ఇంట్లో ఒక్కడే. మాటకారి గానీ, మాట్లాడటానికి ఎదురుగా ఎక్కువగా ఉండేవి బంగాళాదుంపలే.

"గబగబా లోపలికొచ్చి తలుపు మూసెయ్యి టీచరమ్మా, వేడిగాలి దూరితే వీటికి మొలకలొస్తాయి," అంటూ ఆయన బరువైన తలుపు లాగాడు. లోపల కప్పు దాకా బస్తాలు. మసక బల్బు, ఫ్యాన్ల హోరు, తడిమట్టి వాసన. "చూడ్డానికి నిద్రపోతున్నట్టుంటాయా? అన్నీ ఊపిరి తీసుకుంటున్నాయి. గాలి ఆడకపోతే లోపల్లోపలే నల్లబడి చస్తాయి."

"తెలుసు బాబాయిగారూ, మా పిల్లలకి అదే పాఠం చెబుతున్నాను," అంటూ ఆమె నవ్వబోయి ఆగిపోయింది.

రెండు బస్తాల సందులోంచి ఒక పిల్లి బయటికి వచ్చింది. ఒళ్లంతా మసి రంగు. ముఖం ఇంకా చిక్కటి నలుపు. అది తాపీగా నడిచి వచ్చి, కూర్చుని, తల ఎత్తి చూసింది. నీలం కళ్లు. కాస్త మెల్ల. తోక చివర కొక్కెంలా చిన్న వంపు.

"మీగడా!" అంది ఆమె. పిల్లి చెవి ఒకటి ఇటు తిరిగింది.

"మీగడేంటి టీచరమ్మా, దీని పేరు మసి," అన్నాడు ఆయన.

"కాదు బాబాయిగారూ, ఇది మా పిల్లి. మా ఇంట్లోంచి పోయిందే, అదే ఇది."

"మీ పిల్లి ఏ రంగు?"

"తెలుపు. అంటే, మీగడ రంగు."

ఆయన పిల్లినీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. "కళ్లజోడు తుడుచుకో తల్లీ," అన్నాడు జాలిగా.

ఆమె కళ్లజోడు తుడుచుకోలేదు. ఆమెకి అంతా ఒక్కసారిగా తెలిసిపోయింది. ఈ జాతి పిల్లి చలిలో ఉంటే ఏమవుతుందో ఆమె ఏటా క్లాసులో చెబుతుంది. పుస్తకంలో బొమ్మ కూడా ఉంది. పుస్తకంలో బొమ్మ నడిచొచ్చి ఎదురుగా కూర్చుంటుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. దుంపలు తీసుకోవడం కూడా మరిచిపోయి ఇంటికి పరుగెత్తింది.

మర్నాడు బడి అయ్యాక అత్తగారిని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చింది. అత్తగారు పిల్లిని ముందు నుంచీ వెనక నుంచీ చూసింది. ఆవిడ ముఖంలో ఒక్క క్షణం ఏదో ఆశ కదిలి ఆరిపోయింది.

"ఇది మీగడా? బొగ్గుల బస్తాలా ఉంది. పోయిన పిల్లి ఎలాగూ పోయింది, కనబడ్డ పిల్లినల్లా తెచ్చి నా ఒళ్లో పెట్టకమ్మా," అంది. చెప్పులేసుకుని వెళ్లిపోబోయింది.

ఇక్కడ కోడలికి పౌరుషం వచ్చింది. ఇన్నాళ్లూ నోరు మూసుకుని పడింది తప్పు తనది గనక. ఇవాళ తప్పు తనది కాదు. అత్తగారి ఎదుట మొట్టమొదటిసారి బడిగొంతు బయటికి వచ్చింది.

"కూర్చోండత్తయ్యా," అంది. అత్తగారు నిజంగానే కూర్చుంది. స్వెట్టర్ బాబాయి కూడా, ఎందుకైనా మంచిదని, కూర్చున్నాడు.

ఆయన ఆఫీసు గదిలో హీటరు మీద నీళ్లు మరుగుతున్నాయి. కోడలు ఒక దుంప తీసుకుని తొక్క తీసి రెండుగా కోసింది. ఒక ముక్కని మరిగే నీళ్లలో వేసి కాసేపయ్యాక తీసింది. రెండోది అలాగే వదిలేసింది. రెండూ పక్కపక్కన పళ్లెంలో పెట్టింది.

"టీ తాగుదాం. ఈలోగా నేను అడిగేదానికి చెప్పండి. అత్తయ్యా, కేకు మీద మీరు క్రీముతో పువ్వులు పెడతారు కదా. దాన్ని పొయ్యి పక్కన పెడితే ఏమవుతుంది?"

"జారిపోతుంది. చిన్నపిల్లనడిగినా చెబుతుంది."

"క్రీము అదే, చక్కెర అదే. ఆకారం ఒక్కటే పోయింది. ఆకారం పోతే అది పువ్వు కాదు. మన ఒంట్లో ప్రోటీన్లు కూడా అంతే. ఆకారం ఉంటేనే పని చేస్తాయి. ఎంజైములు అనేవి పని చేసిపెట్టే ప్రోటీన్లు. ఏ ప్రోటీను ఎలా కట్టాలో కణానికి చెప్పేది జన్యువు. ఈ జాతి పిల్లుల్లో నలుపు రంగు తయారుచేసే ఎంజైము ఒకటుంది. దాని జన్యువులో పుట్టుకతోనే చిన్న తేడా ఉంది. అందుకని ఆ ఎంజైము మీ క్రీము పువ్వులాంటిది. చల్లగా ఉన్నచోట నిలబడి పని చేస్తుంది, ఒంటి వేడి తగిలితే జారిపోతుంది."

"అయితే?"

"చెవులూ పాదాలూ తోకా ఎప్పుడూ ఒంటికన్నా చల్లగా ఉంటాయి. అందుకే అక్కడ నలుపు. మన ఇంట్లో పొయ్యి పక్కన పెరిగింది, ఒళ్లంతా వెచ్చగా ఉండేది, అందుకే అక్కడ రంగు పట్టలేదు. ఆ రోజు దుంపల వ్యానెక్కి ఇక్కడికొచ్చింది. పాత వెంట్రుకలు రాలాయి. కొత్తవి మొలిచేటప్పుడు చర్మం చలికి చల్లబడిపోయి ఉంది. ఎంజైము పని మొదలుపెట్టేసింది. పిల్లి మారలేదు, జన్యువు మారలేదు. చోటు మారింది, అంతే."

అత్తగారు టీ గ్లాసు పక్కన పెట్టి పళ్లెం వైపు చూసింది. వదిలేసిన ముక్క అప్పటికే గోధుమరంగుకి తిరిగి, అంచులు మురికి పట్టినట్టయ్యాయి. మరిగే నీళ్లలో ముంచిన ముక్క తెల్లగా అలాగే ఉంది.

"అది చేసేదీ అలాంటి ఎంజైమే," అంది కోడలు. "దుంపలో ఉన్నదీ పిల్లి చర్మంలో ఉన్నదీ దాయాదులు. దుంపది మొండిది, మరిగే నీళ్లు పోస్తే గానీ లొంగదు. పిల్లిది సుకుమారం."

స్వెట్టర్ బాబాయి రెండు ముక్కల్నీ చేతుల్లోకి తీసుకుని చూశాడు. "ఇన్నాళ్లుగా దుంపలతో కాపురం చేస్తున్నాను, ఈ సంగతి నాతో ఒక్కటీ చెప్పలేదు," అన్నాడు.

"అంటే నన్ను ఆ గదిలో పెడితే నేనూ నల్లబడతానా?" అంది అత్తగారు.

"మీకు ఆ జన్యువు లేదత్తయ్యా."

"మా వంశంలో అలాంటివి లేవులే," అంది ఆవిడ గర్వంగా.

ఆ తర్వాత బేరం కుదిరింది. పిల్లి వీపు మీద అరచేతి మేర నల్లటి వెంట్రుకలు గొరిగేస్తారు. దానికి వెచ్చటి బనీను తొడిగి, బేకరీలో పొయ్యి పక్కన పెట్టుకుంటారు. కొత్త వెంట్రుకలు తెల్లగా వస్తే అది మీగడ, బేకరీదే. నల్లగా వస్తే అది మసి, కోల్డ్ స్టోరేజీది. గడువు రెండు నెలలు, మధ్యలో మాట మార్చేది లేదు. స్వెట్టర్ బాబాయి పెట్టిన షరతు ఒక్కటే, తను రోజూ వచ్చి చూసుకుంటానని.

"నీ మాట నిజం కాకపోతే?" అంది అత్తగారు దారిలో.

"అవుతుంది," అంది కోడలు. అంత ధైర్యంగా ఆ ఇంట్లో ఆమె ఇంతవరకూ ఉప్పు తక్కువైందని కూడా చెప్పలేదు.

గొరిగే పని మొగుడి మీద పడింది. తన గడ్డం మిషనుతో, బాంబు విప్పేవాడి జాగ్రత్తతో, పిల్లి వీపు మీద అరచేయంత నున్నగా చేశాడు. అత్తగారు పాత ఉన్ని శాలువా కత్తిరించి బనీను కుట్టింది. దాన్ని తొడగడానికి పిల్లి ముందరి కాళ్లు ఎత్తి పట్టుకున్నప్పుడు ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"ఇదేంటి?"

ఎడమ పక్క, చంక కిందనుంచి పొట్ట దాకా, ఒక పట్టీ తెల్లగా ఉంది. చుట్టూ మసి, మధ్యలో మీగడ రంగు. కాలు కిందికి దించితే కనబడదు, ఎత్తితే కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

"ఒళ్లంతా చలికి నల్లబడిందన్నావు. మరి ఇక్కడ? ఇక్కడ చలి సెలవు పెట్టిందా?"

కోడలు వంగి చూసింది. వేలితో వెంట్రుకలు విడదీసి చూసింది. ఆమె నేర్చుకున్న ఏ పాఠంలోనూ దీనికి జవాబు లేదు. ఆ చోటు మిగతా ఒంటికన్నా వెచ్చగా ఉండాల్సిన కారణమేమీ లేదు. చలిగదిలో ఎడమ పక్కా కుడి పక్కా ఒక్కటే. ఇది ఏదో ఊరపిల్లి అయి, పుట్టుకతోనే ఇలాంటి మచ్చ ఉంటే? తను చెప్పిందంతా గాలిలో మేడే.

"కారణం ఉంటుంది, కనుక్కుంటాను," అని బనీను కిందికి లాగేసింది. అసలు చెప్పాలంటే బనీను అంచుని ఇంకో రెండు వేళ్లు పొడుగు చేయించింది. స్వెట్టర్ బాబాయి చూశాడంటే దాన్నే పట్టుకుని వాదిస్తాడని భయం. అత్తగారు పొడుగు చేసే గుడ్డని కాస్త విసురుగా కత్తిరించింది.

ఆయన చెప్పినట్టే రోజూ వచ్చాడు. పొయ్యి వేడికి మొదటిరోజే కోటు విప్పాడు, తర్వాత ఒక స్వెట్టరు, తర్వాత రెండోది. అన్నీ విప్పేసరికి మనిషి సగమయ్యాడు. "అయ్యో, ఇంతేనా మీరు!" అంది అత్తగారు. ఆ రోజునుంచి ఆయన వచ్చినప్పుడల్లా పొయ్యిలోంచి తీసిన వేడి బన్ను ఒకటి పళ్లెంలో ముందుకు జరిగేది. తినకపోతే ఊరుకునేది కాదు.

ఆయన పిల్లిని ఒళ్లో పెట్టుకుని పిండి పొంగడం చూస్తూ కూర్చునేవాడు. "ఇదీ ఊపిరి తీసుకుంటుందా టీచరమ్మా?"

"తీసుకుంటుంది బాబాయిగారూ. ఈస్టు కూడా ప్రాణమున్నదే. చక్కెర తిని గాలి వదులుతుంది, ఆ గాలికే పిండి పొంగేది. మీరు దుంపల్ని చలిలో పెట్టి నిదానంగా ఊపిరి తీసుకోనిస్తారు. మా అత్తయ్య ఈస్టుని వెచ్చగా పెట్టి గబగబా తీసుకోనిస్తుంది."

"నేనూ ఊపిరి తీసుకుంటున్నాను, ఆ సంగతి ఎవరూ అడగరు," అంది అత్తగారు. అందరూ నవ్వారు.

కోడలు మాత్రం ఆ నవ్వులో పూర్తిగా కలవలేకపోయేది. ఎదురుచూపు ఆమెది. బనీను కింద గులాబీ రంగు చర్మం మీద ఏం మొలుస్తుందో దాన్నిబట్టే ఆ ఇంట్లో ఆమె బతుకు. తెల్లగా మొలిస్తే ఆమె పిల్లిని తెచ్చిన కోడలు. నల్లగా మొలిస్తే పిల్లిని పోగొట్టి, పైగా పుస్తకాలు చదివి అందరి చెవుల్లోనూ పువ్వులు పెట్టిన కోడలు. గడువుకి ముందు బనీను ఎత్తి చూడకూడదని తనే నియమం పెట్టింది. తను దాటలేదు. అత్తగారు దాటింది. ఒక మధ్యాహ్నం కోడలు బడినుంచి తొందరగా వస్తే, అత్తగారు బనీను అంచు ఎత్తి చూసి, పిల్లి ముఖంలో ముఖం పెట్టి, "ఏమే మీగడా, ఏమే దొంగా," అని గుసగుసలాడుతోంది. కోడలు చప్పుడు చేయకుండా వెనక్కి నడిచి, గుమ్మం దగ్గర చెప్పులు గట్టిగా విడిచి, అప్పుడే వచ్చినట్టు మళ్లీ వచ్చింది. ఆ సాయంత్రం మర్నాటి పాఠం చదువుకుంటుంటే ఆమెకి అది పాటలా వచ్చింది.

చివరికి ఆ రోజు వచ్చింది. సెలవురోజు, పొద్దున్నే. స్వెట్టర్ బాబాయి గడ్డం గీసుకుని వచ్చాడు. రొట్టె కొనడానికి వచ్చిన ఇద్దరు ముగ్గురు కూడా సంగతి తెలిసి కదల్లేదు. మొగుడు కూడా పొయ్యి వదిలి వచ్చాడంటే అది ఎంతటి రోజో అర్థం చేసుకోవచ్చు.

అత్తగారు బనీను గుండీలు విప్పి వీపు మీదనుంచి పక్కకి తొలగించింది.

నల్లటి వీపు మీద, సరిగ్గా అరచేతి మేర, లేత మీగడ రంగు. కొత్త వెంట్రుకలు, కురచగా, మెత్తగా.

"నా తల్లే! నా మీగడే!" అంది అత్తగారు. పిల్లిని ఎత్తుకుని గుండెలకి హత్తుకుంది, ముద్దులు పెట్టుకుంది, ఇన్నాళ్లూ ఎక్కడ తిరిగావే అని తిట్టింది, ఏడ్చింది. ఏడుస్తూనే అందరి వైపూ తిరిగి, "మా కోడలు చెప్పిందే నిజం. చదువుకున్న పిల్ల. నేనే వినలేదు," అంది. ఆ ఒక్క మాట కోసం కోడలు ఎన్నాళ్లు పడిగాపులు కాసిందో ఆమెకే తెలుసు.

స్వెట్టర్ బాబాయి లేచి వచ్చి ఆ తెల్లటి మేర మీద అరచెయ్యి ఆనించాడు. కాసేపు అలాగే ఉంచాడు. "మాటంటే మాటే టీచరమ్మా. మీ పిల్లే," అన్నాడు. వెనక్కి వెళ్లి ఒక స్వెట్టరు తొడుక్కున్నాడు, రెండోది తొడుక్కున్నాడు, కోటు కూడా వేసుకున్నాడు. పిల్లి వైపు చూడలేదు.

"ఆగవయ్యా," అంది అత్తగారు కళ్లు తుడుచుకుంటూ. "ఒక సంగతుంది. చెప్పకుండా పిల్లిని ఉంచుకుంటే నాకు తిండి సయించదు. ఇటు రా, చూడు." బనీను పూర్తిగా తీసేసి పిల్లి ముందరి కాలు ఎత్తింది. "ఇక్కడ మొదటిరోజునుంచే తెల్లగా ఉంది. ఎందుకో మా అమ్మాయికీ అంతు పట్టలేదు. నువ్వు చూస్తావని బనీను కింద దాచాం. దీన్నిబట్టి ఇది మా పిల్లి కాదంటావా, ఇప్పుడే అనేసెయ్."

కోడలికి నేల చీలితే బాగుండుననిపించింది.

ఆయన మాత్రం మామూలుగా, "అదా? అక్కడ గాయమైంది కదా," అన్నాడు.

"గాయమా?"

"అవునక్కయ్యా. మొదట్లో ఇది నాకు కనబడేదే కాదు. బస్తాల వెనక చీకట్లో రెండు కళ్లు మెరిసేవి, అంతే. ఆ మధ్య ఒకరోజు బస్తాలు జారిపడ్డాయి. కింద ఇది. పక్కంతా చర్మం లేచిపోయింది, ఒక్క వెంట్రుక మిగల్లేదు. పశువుల డాక్టరుకి చూపిస్తే మందు రాసి, వెచ్చగా ఉంచమన్నాడు, చలి తగిలితే దక్కదన్నాడు. నా పనేమో చలిగదిలో. ఇంట్లో వదిలేస్తే చూసే దిక్కు లేదు. అందుకని ఇదిగో, ఇక్కడ పెట్టుకుని తిరిగాను." ఆయన కోటు జిప్పు దించి, స్వెట్టర్లు ఎత్తి, ఎడమ వైపు పక్కటెముకలు చూపించాడు. "గాయం మాని వెంట్రుకలు నిండుగా వచ్చేదాకా ఇక్కడే. బస్తాలు లెక్కపెట్టినా, ఫ్యాన్లు చూసుకున్నా ఇక్కడే. గాయమైన పక్కని నావైపు తిప్పి పెట్టుకునేవాణ్ని, గుడ్డ రాసుకుంటే మండుతుందని. తర్వాత చూస్తే అక్కడ తెల్లగా వచ్చింది. దెబ్బ తగిలినచోట అలాగే వస్తుందేమో అనుకున్నాను."

చెప్పేసి ఆయన జిప్పు పైకి లాక్కున్నాడు. తను ఏం చెప్పాడో ఆయనకి తెలియదు. అత్తగారికీ తెలియదు. ఆ గదిలో అది అర్థమైంది ఒక్క కోడలికే.

ఆమె నోరు విప్పకపోతే సరిపోయేది. పిల్లి ఇంట్లో ఉంది, మాట నెగ్గింది, అత్తగారి నోట మెచ్చుకోలు ఇంకా వేడిగానే ఉంది. ఆయన మెట్లు దిగి వెళ్లిపోతాడు, అంతే. అది తలుచుకుంటేనే ఆమెకి తనమీద తనకి రోత పుట్టింది. ఏ పాఠం చెప్పి పిల్లిని తెచ్చుకుందో ఆ పాఠాన్ని సగంలో ఆపడం ఆమె వల్ల కాలేదు.

"బాబాయిగారూ, కూర్చోండి," అంది. "అత్తయ్యా, మీరు బనీను కుట్టారు, పొయ్యి పక్కన పెట్టుకున్నాం, ఇంత పరీక్ష చేశాం. ఈ పరీక్ష బాబాయిగారు అంతకుముందే చేసేశారు. ఆయన పొయ్యి ఆయన ఒళ్లు."

"సరిగ్గా చెప్పవే."

"ఆ తెల్లటి పట్టీ మన ఇంట్లో వచ్చింది కాదు. ఆయన ఒంటి వేడికి మొలిచిన వెంట్రుకలవి. ఆ చలిగదిలో ఈ పిల్లికి వెచ్చగా ఉన్న చోటు అదొక్కటే. మనం తిన్నది ఒంట్లో ప్రతి కణంలోనూ ఊపిరితో కలిసి కొద్దికొద్దిగా కాలుతుంది, ఆ వేడితోనే బతుకుతాం. ఈయన ఆ వేడి దీనికి పంచిపెట్టారు. అందుకే ఇవాళ మనం మీగడా మసా అని పందేలు వేసుకోవడానికి పిల్లంటూ ఒకటి ఉంది. ఈ తెలుపు ఈయనది."

అత్తగారి చెయ్యి పిల్లి ఎడమ పక్క మీద ఉంది. ఆ పట్టీని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి నిమిరింది. చెంచాతో పాలు పట్టి బతికించిన మనిషి ఆవిడ. అలా బతికించడమంటే ఏమిటో ఆవిడకి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

లేచి వెళ్లి పిల్లిని ఆయన ఒళ్లో పెట్టింది. "పట్టుకెళ్లు తమ్ముడూ."

ఆయన బిత్తరపోయాడు. "అదేంటక్కయ్యా? మీదేనని తేలిపోయింది కదా!"

"తేలింది కాబట్టే ఇస్తున్నాను. నీదే అయ్యుంటే ఇవ్వడానికి నేనెవర్ని?"

ఆయన కోటు జిప్పు దించాడు. పిల్లి ఎవరూ చెప్పకుండానే లోపలికి దూరి, ఎడమ పక్కని ఆయన ఒంటికి ఆనించుకుని సర్దుకుంది. అత్తగారు బనీను మడిచి ఆయన జేబులో కుక్కింది, రోజూ బన్ను తినడానికి వచ్చి తీరాలని, వచ్చినప్పుడు అది కూడా రావాలని గట్టిగా చెప్పింది. ఆయన తల ఊపుతూ, కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగాడు. రొట్టెల కోసం వచ్చినవాళ్లు రొట్టెలు తీసుకుని వెళ్లిపోయారు. మొగుడు పొయ్యి దగ్గరికి వెళ్లాడు.

అత్తాకోడళ్లిద్దరే మిగిలారు. అత్తగారు బల్ల మీద పిండి చల్లసాగింది. కోడలు తిట్లకి సిద్ధపడి నిలబడింది.

"నోరు మూసుకుని ఉంటే దక్కేది కదే," అంది అత్తగారు.

"దక్కేదత్తయ్యా."

"నా పిల్లిని రెండుసార్లు పోగొట్టావు నువ్వు."

"అవునత్తయ్యా."

అత్తగారు చెయ్యి ఆపింది. తల తిప్పి ఆమె ముఖంలోకి చూసింది. "మొదటిసారి వచ్చిన కోపం ఇన్నాళ్లూ పోలేదు. ఈసారి వెతుక్కున్నా రావట్లేదు. ఇలా రా. ఈ పిండి నువ్వు పిసుకు."

కోడలు చేతులు కడుక్కుని వచ్చి పిండి ముందు నిలబడింది.